కళాయి సాయిబు కూతురి రికార్డు

నాకు కోపం ఎక్కువ. మా అమ్మ ఈ మాట ఊరంతా చెప్పుకుంది. నిజమే, కాదనను. కానీ నలభై మూడు మంది పిల్లలు ఒకే అబద్ధాన్ని ఒకే అక్షరాల్లో రాసి మన బల్ల మీద పెడితే కోపం రానివాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళని ఒకసారి చూడాలని ఉంది.

అది ఎనభై ఒకటో సంవత్సరం. పూతలపట్టు దాటాక వచ్చే ఒక ఊరి హైస్కూలుకి నన్ను సైన్సు టీచరుగా వేశారు. ఊరి పేరు చెప్పను. చిత్తూరులో ఏడున్నర బస్సెక్కితే తొమ్మిదికల్లా బడి ముందు దిగేదాన్ని. చేరిన వారానికే హెడ్మాస్టరు చెంగల్రాయుడు గారు పదో తరగతి రసాయన శాస్త్రం రికార్డులు దిద్దమని ఒక కట్ట పంపించారు. జూలై నెల. ఇంకా ఒక్క ప్రయోగమూ కాలేదు, రికార్డులెక్కడివని అడిగితే, వేసవి సెలవుల్లోనే పిల్లలు రాసేసి ఉంచుతారని చెప్పారు. అదేదో గొప్ప విషయమన్నట్టు చెప్పారు.

మొదటి రికార్డు తీశాను. ప్రయోగం, ఆక్సిజన్ తయారీ. పరికరాలు, విధానం, పెన్సిలుతో గీసిన బొమ్మ, అన్నీ కళ్ళకద్దుకునేట్టున్నాయి. పరిశీలన అన్నచోట ఇలా ఉంది: "పుల్ల కాంతివంతముగా మండినది. గాజు గొట్టం పగిలినది. కుప్పయ్య తుడిచినాడు."

పోనీ, ఈ పిల్లాడైనా ఎక్కడో ప్రయోగం చూసి జరిగింది జరిగినట్టు రాశాడే అని ముచ్చటేసింది. రెండోది తీశాను. అందులోనూ గొట్టం పగిలింది, కుప్పయ్య తుడిచాడు. మూడోదీ అంతే. నలభై మూడు రికార్డుల్లో నలభై మూడు గొట్టాలు పగిలాయి. ఆ కుప్పయ్య పాపం తుడుస్తూనే ఉన్నాడు.

కట్ట చంకనబెట్టుకుని తరగతికి వెళ్ళాను. ముందు బెంచీలో ధనంజయ అని ఒక బుద్ధిమంతుడు కూర్చునేవాడు. వాణ్ణి లేపాను.

"గొట్టం పగలడం నువ్వు చూశావా?"

"లేదు టీచర్. పోయినేడాది రికార్డులో ఉండాది. దాంట్లో ఉన్నట్టే రాయాల్నంట."

"పుల్ల మండడం చూశావా?"

"లేదు టీచర్."

"పోనీ ఆక్సిజన్ చూశావా?"

వాడు తల గోక్కున్నాడు. వెనక బెంచీ నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. "అది ఎట్ల కనబడతాది టీచర్?"

తరగతంతా ఘొల్లుమంది. నేను నవ్వలేదు. ఆ రోజు ఆ గదిలో ఎవరైనా బుర్ర పెట్టి అన్న మాట అదొక్కటే. పేరడిగాను. జహీరున్నీసా అంది. ఊళ్ళో ఇత్తడి సామానుకి కళాయి వేసే అల్లాబక్ష్ కూతురు. రసాయన శాస్త్రంలో కిందటి పరీక్షకు నూటికి తొమ్మిది మార్కులు.

కుప్పయ్య మా బడి అటెండరు. ఆయన్నే అడిగాను. "అది నిజంగానే పగిలింది మేడం, పన్నెండేండ్ల కిందట. నేనే తుడిచినా. అప్పుడెవడో ఉన్నదున్నట్టు రాసేసినాడు. దాన్ని సూసి వీళ్ళు, వీళ్ళని సూసి ఇంకొకళ్ళు, అట్లా రాస్తానే ఉండారు" అని చెప్పి, తన పేరు ఇంతమంది రాసినందుకు కాస్త సిగ్గుపడ్డాడు కూడా. ఆ గొట్టం పగిలిన రోజే సైన్సు బీరువాకి తాళం పడిందట. ఏటా ఆయుధ పూజ నాడు మాత్రం తలుపుల మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. పన్నెండేళ్ళ బొట్లు అట్టలు కట్టి ఉన్నాయి.

తాళం చెవులిమ్మని హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. చెంగల్రాయుడు గారు చెడ్డమనిషి కాదు. లెక్కలు చెప్పేవారు, బాగానే చెప్పేవారట. కానీ ఏదైనా పగులుతుందేమో, ఎవరైనా అడుగుతారేమో అని ఆయనకు గుండెల్లో దడ.

"పిల్లకాయల చేతికి గాజు సామానిస్తే ఏమవుతాదో మీకు తెలీదమ్మా. ఆ ఆసిడ్డు ఎవడి మింద పడినా నా ఉద్యోగం పోతాది. మన బళ్ళో నూటికి ఎనబై మంది పాసవుతా ఉండారు, బీరువా తెరవకనే. ఇంకేం కావాల?"

నాకు ఒళ్ళు మండింది. పాసవడం వేరు, రసాయన శాస్త్రం వేరు అన్నాను. రెండూ ఒకటేనన్నారు. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం. చివరికి, మీ బీరువా మీ దగ్గరే ఉంచుకోండి సార్, మీ బీరువా లేకుండానే చెప్తాను అని వచ్చేశాను.

అన్నాను గానీ, వరండాలోకి రాగానే భయమేసింది. దేంతో చెప్పాలి? ఇంటికి పోయి వంటగదిలో నిలబడి చుట్టూ చూశాను. పసుపుంది, సున్నముంది, చింతపండు, నిమ్మకాయ, సోడా ఉప్పు, సబ్బు ఉన్నాయి. చాలనుకున్నాను.

మర్నాడు నలభై మూడు రికార్డులూ వెనక్కిచ్చేసి కొత్త నోటుబుక్కులు కుట్టించాను. ఒకటే మాట చెప్పాను. చూసింది రాయండి, చూడనిది రాస్తే సున్నా. పసుపు నీళ్ళలో కాగితాలు ముంచి ఆరబెట్టించాను. ఆ కాగితం మీద సున్నపు తేట వేస్తే ఏ రంగొచ్చిందో రాయమన్నాను. ఒకడు ఎరుపన్నాడు, ఒకమ్మాయి ఇటిక రంగంది, ధనంజయేమో గోరింటాకు పండినట్టుంది అన్నాడు. ఎవరిది కరెక్టు టీచర్ అని నా మొహం చూశారు. నేను చెప్పలేదు. వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకున్నారు, మళ్ళీ వేసి చూశారు, చింతపులుసు పోస్తే మళ్ళీ పసుపైపోవడం చూసి కేకలు పెట్టారు. బొప్పాయి కాడని గొట్టంగా పెట్టి సున్నపు తేటలోకి ఊపిరి ఊదారు. అది పాలలా తెల్లబడేసరికి పక్క తరగతి పిల్లలు కూడా కిటికీలెక్కారు. మొదటి నెలంతా సగం మంది నోటుబుక్కులు ఖాళీగానే ఉన్నాయి, చూసింది రాయడం వాళ్ళకు చేతకాలేదు. ధనంజయ వాళ్ళమ్మ బడికొచ్చి ఇంట్లో పసుపంతా అయిపోతా ఉండాదని నన్ను నిలదీసింది. నేను చేసిందంతా అద్భుతంగా పండిందని చెప్పను. కానీ ఆ పిల్లలు తరగతిలో నిద్రపోవడం మానేశారు.

దసరా సెలవులయ్యాక అమ్మోనియం క్లోరైడ్ పాఠం వచ్చింది. వేడి చేస్తే కరగకుండానే తెల్లటి పొగగా మారుతుంది, దాన్ని ఉత్పతనం అంటారు అని పుస్తకంలో ఉన్న వాక్యం చదివాను. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు, కాబట్టి ఆ వాక్యం నా నోట్లోనే చేదుగా ఉంది.

జహీరున్నీసా లేచింది. "అది నవాసాగరం కదా టీచర్? మా నాయన కళాయి ఏసేటప్పుడు సల్లుతాడు. కాలిన గిన్నె మింద ఏస్తే తెల్లగా పొగొస్తాది, దగ్గొస్తాది. గిన్నె లోపల నల్లగా ఉండేది పోయి తళతళమంటాది. అప్పుడే తగరం అంటుకుంటాది. నవాసాగరం ఏయకుంటే తగరం ఉండలు కట్టి జారిపోతాది."

నూటికి తొమ్మిది మార్కుల పిల్ల. నేను డిగ్రీ చదివాను, బీయీడీ చదివాను. తగరం ఉండలు కట్టి జారిపోతుందని నాకెవరూ చెప్పలేదు. ఆ పిల్ల ముందు నిలబడి మొదటిసారి నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ శనివారం అల్లాబక్ష్ తన తోలుతిత్తి, బొగ్గుల సంచి, పట్టకారు మోసుకుని బడికొచ్చాడు. ఆవరణలో చిన్న గుంట తవ్వి పొయ్యి పెట్టాడు. పిల్లలు ఇళ్ళనుంచి చెంబులు, గిన్నెలు తెచ్చారు. తల్లులందరూ ఒక్కసారిగా నా పక్షమైపోయారు. ఆయన తిత్తి ఊదుతూ గిన్నె కాల్చాడు, నవాసాగరం పొడి చల్లాడు, తెల్లటి పొగ లేచింది, దూదితో ఒక్క రుద్దు రుద్దాడు. నలుపు పోయింది. తగరం కడ్డీ తాకించగానే అది కరిగి, దూది వెంబడి వెండిలా గిన్నెంతా పాకింది. నలభై మూడు మంది నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. నేనూ అంతే.

పొగకు దగ్గుతూ హెడ్మాస్టరు గారొచ్చారు. "ఏమమ్మా పంకజాక్షీ, బళ్ళో కళాయి అంగడి పెట్టినావా?"

"లేదు సార్. లాబరేటరీ తెరిచాను."

అంత మాట అనకుండా ఉండాల్సిందేమో. అన్నాను.

జహీరున్నీసా తన రికార్డులో ఆ రోజు ఇలా రాసింది. "మా నాయన నవాసాగరం చల్లినాడు. తెల్లటి పొగ వచ్చినది. గిన్నెలోని నలుపు పోయినది. నవాసాగరం వేయని చోట నలుపు పోలేదు. పొగ రావడానికి కారణం పుస్తకంలో ఉన్నది. నలుపు ఎందుకు పోయిందో నాకు తెలీదు." దాని కింద సగం పేజీ ఖాళీగా వదిలింది.

పదికి పది వేశాను. ఎందుకు పోయిందో చెప్పమని వచ్చింది. నువ్వే కనుక్కో అన్నాను.

డిసెంబరులో గొడవ మొదలైంది. సంక్రాంతి సెలవుల తర్వాత ఇన్‌స్పెక్షను ఉందని కాగితం వచ్చింది. హెడ్మాస్టరు గారు రికార్డులన్నీ తెప్పించుకుని రెండు రోజులు చదివి నన్ను పిలిచారు.

"రంగులు తలా ఒకటి రాసినారు. పోనీలే, కండ్లు మూసుకోని సంతకం పెడతాను. కానీ ఇదేందమ్మా ఇది? నాకు తెలీదు అని రికార్డులో రాస్తారా? ఆఫీసరు సూస్తే నా మొహాన ఏస్తాడు. నాకు తెలీదు అని రాసే దానికా ప్రభుత్వం బడి పెట్టింది? ఆ ఒక్క వాక్యం కొట్టేయమను. లేకుంటే సంతకం పెట్టను. సంతకం లేని రికార్డు ఉండే పిల్లని పబ్లిక్ పరీక్షకి పంపను."

ఆయన పంపనంటే పంపరు. వాళ్ళ వీధిలో పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల జహీరున్నీసా ఒక్కతే. ఈ మార్చిలో పరీక్షకు కూర్చోకపోతే మళ్ళీ ఏడాది ఆ పిల్లను ఎవరూ బడికి పంపరని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను జడిశాను. ఆ పిల్లని వరండాలోకి పిలిచి, ఒక్క గీతే కదమ్మా, కొట్టేసెయ్యి, పరీక్ష ముఖ్యం అన్నాను. ఇంత కోపం, ఇంత నోరు ఉన్నదాన్ని, ఆ మాట నేనే అన్నాను.

ఆ పిల్ల రికార్డు వైపు చూసి, నా వైపు చూసింది. "కొట్టేసి ఏం రాయాల టీచర్? తెలుసు అని రాసేదా?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. వద్దులే, ఏమీ కొట్టెయ్యకు అని చెప్పి, ముక్కు చీదుకుని తిన్నగా హెడ్మాస్టరు గదికి పోయి, ఆ వాక్యం ఉంటుంది సార్ అని చెప్పేశాను.

ఆయన నాతో పెట్టుకోకుండా అల్లాబక్ష్‌ని పిలిపించారు. తండ్రి గదుముతాడు, పిల్ల దారికొస్తుంది అనుకున్నారు. అల్లాబక్ష్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పక్కన జహీరున్నీసా, గుమ్మం దగ్గర నేను.

"నీ బిడ్డ ఒక మాట కొట్టేస్తే సంతకం పెడతానప్పా. లేకుంటే పరీక్ష లేదు. నువ్వే సెప్పు" అన్నారు.

"ఏం మాట సార్?"

హెడ్మాస్టరు గారు చదివారు. నలుపు ఎందుకు పోయిందో నాకు తెలీదు.

"ముప్పై ఏండ్లుగా కళాయి ఏస్తా ఉండాను సార్. మా నాయన ఏసినాడు, ఆయన నాయన ఏసినాడు. ఎందుకు పోతాదో మాకెవరికీ తెలీదు. తెలీదని సెప్పుకునేదానికి మాకు సిగ్గు లేదు. తెలుసని అబద్ధం సెప్పి తగరం పూస్తే మాత్రం అంటుకోదు సార్." అని కూతురి వైపు తిరిగాడు. "నీ పుస్తకం నీ ఇష్టం బేటీ."

"కొట్టెయ్యను" అంది జహీరున్నీసా.

అల్లాబక్ష్ దండం పెట్టి వెళ్ళిపోయాడు. గేటు దాటాక కాసేపు అక్కడే నిలబడి బడి వైపు చూడటం కిటికీలోంచి నాకు కనిపించింది. ఆయనకు భయం లేదని కాదు.

జనవరి మూడో వారంలో ఇన్‌స్పెక్షను ఆఫీసరు శ్రీనివాసులు గారు జీపులో దిగారు. అంతకుముందే హెడ్మాస్టరు గారు బడికి సున్నం కొట్టించారు, జెండా కర్రకు రంగు వేయించారు. పదో తరగతిలో బల్ల మీద నలభై రెండు రికార్డులు సంతకాలతో ఒక దొంతర, సంతకం లేని ఒక రికార్డు పక్కన విడిగా. దాన్ని ఆయన కంట్లో పడేట్టు పెట్టింది చెంగల్రాయుడు గారే. ఆఫీసరు చేత నాలుగు చీవాట్లు పెట్టిస్తే పిల్లా టీచరూ ఇద్దరూ దిగొస్తారని ఆయన ఎత్తు.

శ్రీనివాసులు గారు నలభై రెండింటిలో మూడు తిరగేసి, విడిగా ఉన్నదాన్ని తీశారు. దీనికి సంతకమేదీ అన్నారు. హెడ్మాస్టరు గారు ఆ పేజీ తెరిచి వేలు పెట్టి చూపించారు. ఆఫీసరు పైకే చదివి కళ్ళజోడు తీశారు.

"ఎవరిదిది?"

జహీరున్నీసా లేచింది.

"ప్రయోగం చేసి, నాకు తెలీదు అని రాస్తారా ఎక్కడైనా?"

"పొగ గురించి పుస్తకంలో ఉండాది సార్. నలుపు గురించి లేదు. మా నాయన్ని అడిగినా, ఆయనకీ తెలీదంట. టీచర్ని అడిగితే నువ్వే కనుక్కో అనింది. ఇంకా కనుక్కోలేదు. కనుక్కున్నాక రాసేదానికి కింద జాగా వదిలిపెట్టినా."

ఆఫీసరు ఆ ఖాళీ సగం పేజీ చూశారు. ఏమనుకున్నారో ఏమో, హెడ్మాస్టరు వైపు తిరిగారు.

"సరే, మీరు చెప్పండి చెంగల్రాయుడు గారూ. నలుపు ఎందుకు పోతుంది?"

"ఉత్పతనం సార్. ఘనపదార్థం కరగకుండానే..."

"అది పొగ సంగతి. అది ఆ అమ్మాయే రాసింది. నేనడిగింది నలుపు సంగతి."

చెంగల్రాయుడు గారు నా వైపు చూశారు. ఆరు నెలల్లో మొదటిసారి నన్ను బతిమాలినట్టు చూశారు. ఒక్క మాట అందిస్తే ఆయన గట్టెక్కుతారు. నలుపు ఎందుకు పోతుందో నాకు తెలుసు. కానీ పెదవి విప్పలేదు. కిటికీ బయట జీపు డ్రైవరు బీడీ కాల్చుకుంటుంటే అతన్ని చూస్తూ నిలబడ్డాను. అది మంచిపని కాకపోవచ్చు. అయినా ఈ రోజుకీ ఆ పనికి నాకు విచారం లేదు.

చెంగల్రాయుడు గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"తెలీదు సార్" అన్నారు.

"నాకూ తెలీదు. నాది చరిత్ర" అన్నారు శ్రీనివాసులు గారు. "మనిద్దరికీ తెలియనిది ఆ పిల్లకు తెలిసి తీరాలని సంతకం ఆపారా? పెట్టండి."

చెంగల్రాయుడు గారు పెన్ను తీశారు. పాళీ కాగితంలోకి దిగబడేట్టు సంతకం పెట్టారు. ఆఫీసరేం దేవుడు కాదు. పోతూ పోతూ ఇన్‌స్పెక్షను పుస్తకంలో, పాఠశాల ఆవరణలో కళాయి పనులు చేయించరాదు అని నా పేరుతో సహా రాసి వెళ్ళారు. రాసుకోనీ. పిల్ల పరీక్షకు కూర్చుంటుంది, అది చాలు.

జీపు పోయాక నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. గెలిచాం అన్న సంబరంలో, నువ్వే కనుక్కో అన్నది నేనేనని కూడా మరిచిపోయి, జహీరున్నీసాని వరండాలో ఆపి గడగడా చెప్పేశాను. వేడికి నవాసాగరం రెండుగా విడిపోతుంది, ఒకటి సున్నంలా పసుపు కాగితాన్ని ఎర్రబరిచే అమ్మోనియా, రెండోది చింతపులుసు లాంటి ఆమ్లం, గిన్నె మీద నలుపుని ఆ ఆమ్లం తినేస్తుంది, అందుకే తగరం అంటుకుంటుంది, పో, ఆ ఖాళీలో రాసుకో అన్నాను.

ఆ పిల్ల అంతా శ్రద్ధగా వింది. రికార్డు తెరవలేదు.

"రెండుగా ఇడిపోయేది మీరు సూసినారా టీచర్?"

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు ఈ ప్రయోగానికి లాబులో ఎనిమిది మందికి ఒక స్పిరిట్ దీపం ఉండేది. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేశారు. పక్కమ్మాయి రికార్డు చూసి రాసుకుని, సంతకం పెట్టించుకుని, మార్కులు తెచ్చుకున్నాను. పదేళ్ళుగా నాకు తెలుసనే అనుకుంటున్నాను.

ఇందాక చెంగల్రాయుడు గారు మెడ ఎందుకు తుడుచుకున్నారో అప్పుడర్థమైంది.

"లేదమ్మా. చూడలేదు" అన్నాను.

జహీరున్నీసా నన్ను చూసి నవ్వలేదు. రికార్డు చంకలో సర్దుకుని వరండా మెట్టు దిగింది.

"మా నాయన పొయ్యి ఇంకా ఆరిపోయుండదు. పసుపు కాగితాలు తీసుకోండి టీచర్, పోయి సూద్దాం" అంది.